పొయ్యి మీద దాచిన పాట

నా బల్ల సొరుగులో పాడైపోయిన హార్డ్‌డిస్కు ఒకటి ఉంది. సొరుగు లాగినప్పుడల్లా గదిలో కట్టెల పొగ వాసన లేస్తుంది. కంప్యూటర్ బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ చూస్తారు. అందులో ఒక అడవి మొత్తం కాలిపోయిందని ఒకాయనకు చెప్పాను. పాపం, ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. నిజం చెప్పాలంటే బుద్రి టీచరమ్మ గురించి చెప్పాలి. ఆమె విషయంలో నాకు కోతలు కోయబుద్ధి కాదు. కోసినా ఆమె నమ్మేది కాదు.

డుంబ్రిగుడ సంత వీధిలో నేను షాపు పెట్టుకున్న గది ఆమెది. ఆ కొండల్లోనే పుట్టి, ఆ కొండల పిల్లలకే చదువు చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రం కాఫీ గ్లాసుతో వచ్చి నా ఎదురుగా కూర్చునేది. అనంతగిరి ఘాట్‌లో మంచు ఎంత చిక్కగా ఉందంటే, రోడ్డు వదిలేసి దాని మీదే రెండు మలుపులు బండి నడిపానని ఒకసారి చెప్పాను. ఆమె గ్లాసు దించకుండానే, "రెండు ఎక్కువ బాబూ. ఒకటని సెప్పు, నలుగురూ నమ్ముతారు" అంది. కథలు చెప్పుకునేవాడికి అంతకంటే పనికొచ్చే సలహా నాకు మళ్లీ దొరకలేదు.

ఆమె అక్క మంచి పాటగత్తె. పెళ్లిళ్లలో పిల్లను సాగనంపే పాట ఆవిడ పాడందే ఆ చుట్టుపక్కల ఏ పిల్లా గడప దాటేది కాదు. ఒక వానాకాలం మేమిద్దరం ఆవిడ వసారాలో కూర్చుని పాటలన్నీ రికార్డు చేశాం. ఆ మరుసటేడే ఆవిడకు గొంతులో గడ్డ తీశారు. గుసగుస మిగిలింది, పాట పోయింది. ఇక ఆ గొంతు నా కంప్యూటర్‌లోనే ఉంది. "ఇత్తనమైనా ఒక్కసోట ఉంచం గదా, దీన్నెలా ఉంచుతావు?" అని టీచరమ్మ పట్టుబట్టింది. అక్కడి ఇళ్లలో సామల విత్తనాన్ని ఎండు సొరకాయ బుర్రలో పోసి పొయ్యి మీద వేలాడదీస్తారు, పొగకు పురుగు పట్టదు. కొంత వేరే ఊళ్లో చుట్టాలింట దాస్తారు, ఇల్లు కాలినా విత్తనం మిగులుతుంది. ఆ పద్ధతిలోనే ఒక హార్డ్‌డిస్కు తనింటికి పట్టుకెళ్లింది. ఒక పెన్‌డ్రైవు అనంతగిరి అవతల గూడెంలో ఉండే వదినకు పంపింది.

అక్క మనవరాలికి పెళ్లి కుదిరింది. పిల్లను పంపేటప్పుడు తన పాటే మైకులో పెట్టాలని ముసలావిడ గుసగుసగా కోరింది. ఆవిడ అడిగింది అదొక్కటే. పెళ్లి ముందు రోజు పొద్దున నా కంప్యూటర్ లోపల టక్కుటక్కుమని చప్పుడైంది, కాసేపటికి అదీ ఆగి డిస్కు చచ్చిపోయింది. టీచరమ్మ దగ్గర కాపీ ఉందిగా అని ఈల వేసుకుంటూ వెళ్లాను. ఆమె పొయ్యి మీద వేలాడే బుర్ర దించి, చేటలో బోర్లించింది. సామలతో పాటు మసిపట్టిన హార్డ్‌డిస్కు జారిపడింది.

"దీన్ని పొయ్యి మీద పెట్టారా?"

"మరెక్కడ పెడతారు? ఒక్క పురుగైనా పట్టిందేటి, సూడు" అంది, కాస్త గర్వంగానే.

లాప్‌టాప్‌కు తగిలించాను. ఉలుకూ పలుకూ లేదు. "మధ్యలో ఎప్పుడైనా ఎవరిచేతైనా పెట్టించి విన్నారా?"

ఆమె చెయ్యి సామల మీద ఆగిపోయింది. విత్తనమైతే ఏటా గుప్పెడు తీసి, తడిగుడ్డలో కట్టి, మొలకొస్తుందో లేదో చూసేది. "దీనికి మొలక సూడనేదు. అప్పకేటి సెప్పను బాబూ?" అంది, అక్కను తలుచుకుని. జేబునిండా కోతలున్నవాడిని, అందులోంచి బండి తాళం మాత్రం తీశాను.

బండి మీద అనంతగిరి గూడేనికి వెళ్లాం. వదిన ఇంట్లో అడుగుపెట్టగానే పొయ్యి వైపు చూసింది. అక్కడా బుర్రలు వేలాడుతున్నాయి.

"వదినా, నానిచ్చింది అందులో ఎట్టీసావేటి?"

"ఇత్తనాల్లో పలాస్టీకు ముక్క ఎవలెడతారు? నీకు సదువెక్కువైపోనాది" అంటూ వదిన గాజుల డబ్బా తెచ్చింది. పెన్‌డ్రైవు ఎర్రగాజుల మధ్య దర్జాగా కూర్చుని ఉంది. లాప్‌టాప్‌కు పెట్టగానే అక్క గొంతు ఇల్లంతా నిండింది. టీచరమ్మ గుమ్మంలో చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మనిసి బతికే ఉంది గదా, ఏడుపెందుకే" అని వదిన కసిరింది, తనూ కళ్లు తుడుచుకుంటూనే.

మర్నాడు మైకులో పాట వస్తుంటే, పందిట్లో ముసలావిడ పెదవులు దానితో కలిసి కదిలాయి. ఎదురు కొండ మీద మేకలన్నీ మేత మానేసి విన్నాయని నేను ఇప్పటికీ చెబుతుంటాను. ఒక మేక ఆగడం మాత్రం నిజం.

టీచరమ్మ ఇప్పుడు లేదు. కాపీలు మూడుచోట్ల, పొయ్యిలకు దూరంగా ఉన్నాయి. కోతలయ్యాక, ఇళ్లలో విత్తనాలకు మొలక చూసే రోజుల్లో, వాటిని తెచ్చుకుని ఒక్కొక్కటే తెరిచి వింటాను. సాగనంపే పాట తర్వాత అక్క ఊపిరి తీసుకునే చోట, వెనక నా గొంతు ఏదో పెద్దపులి కథ మొదలుపెడుతుంది. వెంటనే, మైకుకు బాగా దగ్గరగా, టీచరమ్మ: "ఊరుకో బాబూ, రికార్డవుతంది. నీ అబద్ధాలు కూడా ఉండిపోతాయి."

కాపీ బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒకసారి వింటే చాలు. నేను రెండుసార్లు వింటాను.