కోట బండల సందులో ఇరుక్కుపోయాను

ఎనభైల్లో, ఇంగ్లీషు టీచరుగా చేరిన మొదటి ఏడాది, మా తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని కనిగిరి కొండ మీది కోటకు తీసుకెళ్లాను. అక్కడ కనిపించే ప్రతిదానికీ ఇంగ్లీషు మాట నేర్పాలని నా ఉత్సాహం.

"నారో అంటే ఇరుకు. ఇదిగో, ఇలా" అంటూ రెండు పెద్ద బండల మధ్య సందులోకి పక్కవాటుగా దూరాను. నాలుగడుగులు వేసేసరికి బిగుసుకుపోయాను. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. మొదట పిల్లలు నవ్వారు. నేను ఏడుపు గొంతుతో "లాగండే!" అనేసరికి నవ్వు ఆగిపోయింది. వాళ్లు లాగితే భుజం చెక్కుకుపోయింది. ఎండకు బండలు కాలుతున్నాయి. ఊపిరి అందడం లేదు. ఆ కొండ మీద ఇంతమంది పిల్లలకు పెద్దదాన్ని నేనొక్కదాన్నే అని తలచుకుంటే ఇంకా భయం వేసింది.

క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని రమణమ్మ అనే పిల్ల పరుగున వెళ్లి, మేకలు కాసుకునే ఒక ముసలమ్మను పిలుచుకొచ్చింది.

"ఊపిరి ఎగబీల్చమాకమ్మా, అంతా వదిలెయ్. మోకాళ్లు వంచి కిందికి జారు" అందామె.

అలాగే చేశాను. కింద సందు కాస్త వెడల్పు. ఆమె నా చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"మా మేకలు గూడా ఇందులోకి దూరవు తల్లీ!" అంది.

మర్నాడు సిగ్గుతో తల వంచుకుని క్లాసులోకి వెళ్లాను. రమణమ్మ లేచి నిలబడింది.

"టీచర్, చిక్కుకుపోవడాన్ని ఇంగ్లీషులో ఏమంటారండీ?"

ఎవరూ నవ్వలేదు. 'ట్రాప్డ్' అని బోర్డు మీద రాశాను. నా పరువు పోతే పోయింది గానీ, ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.