గొంతు మింగేసిన వైరు

ఇంత చిన్న సంగతి రాయడమెందుకని ఊరుకోబోయాను. కానీ మా బావమరిది ఫోన్లో అన్న మాటకి ఇంకా నవ్వొస్తోంది.

అతను ఆర్కెస్ట్రా మానేసి, స్టూడియోలో వాడే రెండు మానిటర్ స్పీకర్లు మాకిచ్చాడు. ఇంట్లో ఉన్న స్టీరియో వైరుని పాత టేప్‌రికార్డరు హెడ్‌ఫోన్ బెజ్జంలోంచి ముందు ఒక స్పీకరుకు తగిలించి, పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ కాకినాడ స్టూడియోలో పాడిన క్యాసెట్టు పెట్టాను. (ఆ రోజు గొంతు పట్టెయ్యకుండా బస్సులో దారంతా ఆవిడ చేత మిరియాలు నమిలించాను, అది వేరే కథ.) వయొలిన్, తబలా ఖంగుమన్నాయి. పాట మాత్రం లేదు.

"నా గొంతు చెరిగిపోయిందండి. ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే" అని ఆవిడ కూలబడిపోయింది.

వెంటనే బావమరిదికి ఫోన్ చేశాను.

"టేప్‌రికార్డరు వెనక చూడండి బావగారూ. ఆడవా, మగవా?"

"పాడింది మీ అక్కేనయ్యా."

"నేనడిగింది వైరు తగిలించే పిన్నుల సంగతండి బాబూ. స్టీరియో వైరు ఇలాంటి ఒక్క స్పీకరులో పెడితే, అది ఎడమ వైపులోంచి కుడి వైపుని తీసేస్తది, రెండు వైపులా సమానంగా ఉన్న గొంతు కొట్టుకుపోద్ది. మొత్తానికి మా అక్క నోరు మూయించే వైరు దొరికిందన్నమాట మీకు."

రాజమండ్రి మెయిన్ రోడ్డుకెళ్ళి అతను చెప్పిన వైరు తెచ్చాను. ఒక చివర ఎరుపు, తెలుపు పిన్నులు, రెండో చివర స్పీకరుకొకటి చొప్పున మోనో జాకులు. గొంతు వచ్చింది.

పాత వైరు పారెయ్యలేదు. ఎందుకని అడక్కండి, మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే మాత్రం చెప్పండి.

మా ఆవిడ ఆ వైపు పాటలన్నీ విని, క్యాసెట్టు రెండో వైపు పెట్టమంది. తిప్పి పెట్టాను.