బీచుపల్లిలో ఈల ఊదని గురువు

మా హాల్లో ఫ్యాను మెల్లగా తిరిగేటప్పుడు మూడుసార్లు టిక్కుమని, నాలుగోసారి ఏమీ అనకుండా ఊరుకుంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే స్టూలెక్కి, రెక్కలు ముట్టుకుని చూసి, "తిరుగుతుంది గద సార్, ఇంకేం గావాలె?" అని దిగిపోయాడు. మా ఇంటావిడకు ఆ టిక్కు వినిపించదు. పిల్లలకూ వినిపించదు. నాకు మాత్రం ఆ నాలుగోది ఏమైపోయిందో అన్న బెంగతో మధ్యాహ్నం కునుకు పట్టదు. దీనికి ఏ దవాఖానలోనూ మందు లేదు, అడిగి చూశాను (డాక్టరు ముందు నా బీపీ చూసి, తర్వాత నన్ను చూశాడు).

ఇది నాకు పుట్టుకతో వచ్చింది కాదు. డిగ్రీ చేతికొచ్చి, దాన్ని ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పని ఆ రోజుల్లో, నాకూ సంగీతానికీ ఎలాంటి తగాదా లేదు. అది దాని దారిన పోయేది, నేను నా దారిన పోయేవాణ్ణి. మా ఇద్దరినీ కలిపినవాడు వనపర్తిలో జిరాక్సు దుకాణం మీది గదిలో లోకల్ చానల్ నడిపే ఎడిటర్ సాబ్. ఆ చానల్లో నేను విలేకరిని, యాంకర్‌ని, కెమెరామన్‌ని, కెమెరా ఆన్ చేసే ముందు ఫ్యాను ఆపేవాణ్ణి కూడా. ఒకరోజు ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "సంగీతం నేర్పేటోళ్లతోని ముచ్చట్లు పెడ్దాం" అన్నారు. ఎందుకు సార్ అంటే, "లీడర్‌ను అడిగితె పరేషాన్, డాక్టర్‌ను అడిగితె టైం లేదంటడు. సంగీతమోళ్లను ఎవ్వడు అడగడు. అడిగితె ఇడువరు" అన్నారు. నాకు సంగీతం తెలియదని మనవి చేసుకున్నాను. "మంచిదే. తెలిస్తె మధ్యల నువ్వే మాట్లాడ్తవు" అన్నారు. నా జీవితంలో ఒక లోపాన్ని అర్హతగా గుర్తించిన మొదటి మనిషి ఆయనే. మూడు ప్రశ్నలు కంఠస్థం చేయించి పంపారు: ఎలా నేర్పిస్తారు, బృందాన్ని ఎలా నడిపిస్తారు, పాటలు ఎలా కడతారు.

మొదటి గురువు గద్వాలలో, మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందులో ఉండే వీణ టీచరమ్మ. ఆవిడ రిటైరయ్యారు గానీ ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేను కెమెరా నిలబెట్టి ఎదురుగా కూర్చోగానే, "చేతులు ఖాళీగ పెట్టుకొని కూర్చుంటె నాకు మాట రాదు నాయనా, ముందు తాళం వెయ్యి" అన్నారు. తొడ మీద ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, అరచేయి తిప్పడం, ఇంకో దెబ్బ, ఇంకో తిప్పడం. చూడటానికి పాపం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. నేను ఒక చుట్టు పూర్తి చేసి, ధైర్యం చేసి, "మేడమ్, మీరు పిల్లలకు ఎలా..." అన్నాను. "తప్పినవ్. మొదటినుంచి" అన్నారు. నిజమే, "పిల్లలకు" దగ్గర చిటికెన వేలు ఎటో పోయింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ "మొదటినుంచి". ఆ సాయంత్రమంతా నేను ఒక్క ప్రశ్న కూడా పూర్తి చేయలేకపోయాను. ఆవిడ ముఖంలో మాత్రం విసుగన్నది కనపడలేదు. వచ్చే జన్మ దాకా అయినా సరే, నా చిటికెన వేలు కోసం ఎదురుచూడటానికి సిద్ధపడినట్టు కూర్చున్నారు. అంత ఓపిక ఎదుట ఉంటే మనిషికి భయం వేస్తుంది. వనపర్తి బస్సులో ముందు సీటు కడ్డీ మీద నా వేళ్లు వాటంతట అవే లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. ఆ సీట్లో కూర్చున్నాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, మూడోసారి లేచి వేరే సీటుకు పోయాడు. టేపు చూసిన ఎడిటర్ సాబ్ మాత్రం, "ఎట్ల నేర్పిస్తరంటివి, గట్ల నేర్పిస్తరు. చానల్ల ఏసెయ్" అన్నారు.

రెండో గురువు మా చిన్నమ్మ ఊళ్లో దొరికాడు. కోడేరు అవతల ఊరు. పంటలు ఇంటికొచ్చాక మా వైపు ఊళ్లు కోలాటం గురువును పిలిపించుకుంటాయి. ఆయన ఊళ్లోనే ఉంటాడు, రోజుకో ఇంట్లో అన్నం తింటాడు, పొద్దుగూకితే ఆడవాళ్లను గుండ్రంగా నిలబెట్టి పాటా అడుగూ నేర్పుతాడు. అంతా నేర్చుకున్నాక ఏదైనా గుడి ముందు ఆడించి, బృందాన్ని ఊరికి ఒప్పజెప్పి, ఊరు పెట్టిన కొత్త బట్టలు తీసుకుని వెళ్లిపోతాడు. ఈయనది తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, బొగ్గుకన్నా నల్లగా రంగేసిన జుట్టు, మెడలో ఎర్రదారానికి స్టీలు ఈల. "మాస్టర్ అనకు. మాస్టర్ బళ్లె ఉంటడు. గురువు అను" అని మొదటి మాటలోనే నన్ను దిద్దాడు. వినయం అనే వస్తువు ఆయనకు ఏ ఊళ్లోనూ దొరికినట్టు లేదు.

"గురువుగారూ, మీరు ఎలా నేర్పిస్తారు?"

"తిడ్త."

"ఇంకా?"

"ఇంక తిడ్త."

వెనకాల చాటలో బియ్యం ఏరుతున్న మా చిన్నమ్మ ఊరుకోలేదు. "నిన్న నన్ను ఎడ్లబండి అన్నడు రా."

"ఎడ్లబండన్న చెప్పిన దిక్కు తిరుగుతది అన్న. మొత్తం మాట జెప్పమ్మా" అన్నాడు గురువు, కెమెరా వైపే చూస్తూ.

నడిపించడం గురించి అడిగాను. పొట్టి ఈలకు అడుగు మారాలి, పొడుగు ఈలకు ఆగాలి, చెయ్యి ఊపితే వచ్చిన దిక్కుకే మళ్లాలి. గురువు నిలబడే చోటు మీద అందరికీ ఒక కన్ను ఉండాల్సిందే. పాటలు ఎలా కడతారని అడిగితే మాత్రం ఆయన గొంతు మారింది. "ఊర్లకు రాంగనే పాట కట్ట. ముందు తిరుగుత. ఆడోళ్లు ఎట్ల నడుస్తరో చూస్త. పత్తి ఏరేటోళ్ల నడక ఏరు, నాట్లేసేటోళ్ల నడక ఏరు. నాటేటోళ్లు దినమంత ఎనకకు నడుస్తరు గద. గా ఊరికి ఎనక అడుగు మీద పాట కడ్త. నేర్పే పనే ఉండదు, కాళ్లకు ముందే వచ్చి ఉంటది." నేను మూడేళ్లు డిగ్రీ చదివాను. నాకు ఏం వచ్చి ఉందో ఎవరైనా చూసి దాని మీద ఏమైనా కట్టారా అని అక్కడే అరుగు మీద కూర్చుని కాసేపు ఆలోచించాను (కట్టలేదు).

అసలు సంగతి చిన్నమ్మ తర్వాత చెప్పింది. జడ కోలాటమంటే, పొడుగు గుంజ పైనుంచి వేలాడే రంగురంగుల తాళ్లను తలా ఒకటి పట్టుకుని, సగం మంది ఇటూ సగం మంది అటూ ఒకరినొకరు దాటుకుంటూ ఆడాలి. ఆడేకొద్దీ పైన జడ అల్లుకుంటుంది. తర్వాత అదే వరసలో వెనక్కి ఆడి దాన్ని విప్పాలి. ఒక్కరు తప్పు దాటినా ముడి. ఒప్పజెప్పే రోజు గురువు ఈల ఊదడు, చెయ్యి ఎత్తడు. అది ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం. పోయిన ఊళ్లో ముడి పడింది. బట్టలు ముట్టకుండా వెళ్లిపోయి చాలాకాలం ఇంట్లోంచి బయటికి రాలేదట. "ఈ తాప గిట్ల ముడి పడితె, ఈల కృష్ణల ఇసిరేసి ఇంటికి పోత అంటుండు" అంది చిన్నమ్మ. ఆ మాట ఆమె నవ్వకుండా చెప్పింది. "మాకు భయమైతుందిరా. తిడ్తడు గని, గా మనిషి ఇంట్ల కూసుంటె ఎట్ల?"

ఒప్పజెప్పడం బీచుపల్లి ఆంజనేయుడి ముందు. ఊరు ఊరంతా డీసీఎం వ్యానులో వచ్చి దిగింది. గుంజ నిలబెట్టారు, తాళ్లు పంచారు. చిన్నమ్మకు ఎర్రది. పాట ఎత్తుకునేది ఒక పెద్దమ్మ. ఆమెను ఊళ్లో మైకు పెద్దమ్మ అంటారు, మైకు అవసరం లేదు కాబట్టి. గురువు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "నా పక్కకే నిలబడు. నేనేం జూస్తనో గదే చూపియ్యి" అని నాకు హుకుం జారీ చేశాడు. నిలబడ్డాను.

పెద్దమ్మ గొంతెత్తింది, కోలలు కలిశాయి. గుంజ చుట్టూ చీరలు ఒకదాన్నొకటి దాటుకుంటూ తిరుగుతుంటే, పైన జడ వేలెడు వేలెడుగా కిందికి దిగింది. నేను కెమెరాకు కన్ను ఆనించి చూస్తున్నాను. అంతలో ఒక తాత కొబ్బరికాయతో సహా వచ్చి సరిగ్గా నా కెమెరా ముందు నిలబడ్డాడు. పాట నడుస్తుండగా అరవకూడదన్న ఇంగితం నాకు ఉంది. అందుకని కుడిచెయ్యి పైకెత్తి, జరుగు తాతా అన్నట్టు ఊపాను.

అప్పటికి కొన్ని వారాలుగా ఆ ఆడవాళ్లు గురువు నిలబడే చోట చెయ్యి ఊగితే మళ్లడమే నేర్చుకున్నారు. మిగతావాళ్లు అది నా చెయ్యేనని చూసి తమాయించుకున్నారు. మా చిన్నమ్మ మాత్రం, అక్క కొడుకు మీద నమ్మకంతో, గిరుక్కున వెనక్కి మళ్లింది. ఎర్రతాడు పచ్చతాడు మీదుగా పోయింది. ఎదురుగా వచ్చే ఆమె ఈమెను గుద్దుకుని ఆగింది. పైన జడలో ఎర్రటి మెలిక ఒకటి, పక్కన నిలబడ్డ తాతకు కూడా కనిపించేటంత స్పష్టంగా పడింది.

గురువు వైపు చూశాను. చేతులు వెనకాలే ఉన్నాయి. మెడ వంచి ఈలను పళ్లతో అందుకున్నాడు. కానీ ఊదలేదు. ఊపిరి వదిలితే ఎక్కడ కూత వస్తుందోనని ముక్కుతో మాత్రమే గాలి పీలుస్తూ నిలబడ్డాడు. ఒక్క పొట్టి ఈల చాలు, అంతా ఆగి, సర్దుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆయన మెడ నరాలు తాళ్లకన్నా లావుగా బిగుసుకున్నాయి.

మైకు పెద్దమ్మ పాట ఆపలేదు. అదే బాణీలో, అదే దెబ్బకు, గురువు కట్టని మాటలు పాడింది:

"ఎర్రజడ చెల్లెలా ఏడ పోతివే,
ఎనక అడుగు ఎయ్యవే, హనుమన్న సూడ!
పచ్చజడ అక్క కింద దూరి పోవే,
నీ జాగ నీకుందే, హనుమన్న సూడ!"

అందరూ ఆ చరణం వాళ్లకు ఎప్పటినుంచో తెలిసినట్టు అందుకున్నారు. చిన్నమ్మ నాటు వేస్తున్నట్టు వంగి, వెనక అడుగుతో పచ్చతాడు కింద నుంచి దూరింది. అయినా మెలిక ఒక పక్క మిగిలింది. పెద్దమ్మ ఇంకో చరణంలో పసుపుతాడు ఆమెను పిలిచింది, ఆమె ఒక్క దెబ్బ ఆగి దారి ఇచ్చింది. పైన ఎర్ర మెలిక మెల్లగా వదులై జారిపోయింది. కోలలు ఒక్కసారి కూడా తప్పలేదు. జడ చివరిదాకా అల్లి, మళ్లీ చివరిదాకా విప్పారు. తాళ్లన్నీ విడివిడిగా గాలికి ఊగుతుంటే, కొబ్బరికాయ తాత కాయ కొట్టడం మర్చిపోయి నిలబడి ఉన్నాడు. అందరూ దేవుడికి మొక్కుతున్నారు. నేను ఎవరికి మొక్కాలో తెలియక గుంజకు మొక్కాను.

నా ఉద్యోగధర్మం గుర్తొచ్చి గురువు వైపు తిరిగాను. "గురువుగారూ, ఇప్పుడు మీకు ఎలా అనిపిస్తోంది?"

ఆయన ఈల నోట్లోంచి వదిలి, "ముందు చెయ్యి దించు" అన్నాడు. చూసుకుంటే అది ఇంకా పైనే ఉంది.

తర్వాత పెద్దమ్మ దగ్గరికి పోయాడు. "గా చరణాలు నావి కావు."

"కావు గురువా."

"ఎవరివి?"

"ఏమో, నోట్లెకొచ్చినయి. తప్పైతె తిట్టు."

ఆయన తిట్టలేదు. తెల్లప్యాంటు మట్టవుతుందని కూడా చూడకుండా ఆమె ముందు కింద కూర్చున్నాడు. "ఇంకోపారి పాడు. నేర్సుకుంట" అన్నాడు. ఆమె పాడింది. ఆయన పెదవులు కదుపుతూ విన్నాడు. ఊరు పెట్టిన బట్టలు కళ్లకద్దుకుని తీసుకుని, ఈల చొక్కా లోపలికి వేసుకుని, హైవే మీద బస్సు కోసం నిలబడ్డాడు. మళ్లీ ఎప్పుడొస్తారని అడిగితే, "ఎందుకు? వచ్చింది గద వాళ్లకు" అని ఎక్కేశాడు. నా మూడు ప్రశ్నలకూ అప్పటికే జవాబులు వచ్చేశాయని నాకు డీసీఎంలో సగం దారికి వచ్చాక తట్టింది.

ఆ టేపును తర్వాత ఫోన్లోకి ఎక్కించుకున్నాను. చూస్తుంటే ఒకచోట బొమ్మ కాస్త వణుకుతుంది, ఆ వణుకే నేను. తెరమీద నా ముఖం ఎక్కడా లేదు. ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అంత బక్కగా, అంత ధీమాగా, ఏమీ తెలియకుండా అందరినీ అన్నీ అడిగే ఆ కుర్రవాణ్ణి చూసి కాసేపు నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో కాలేజీ లెక్చరర్‌ని. నేను పాఠం చెబుతుంటే పిల్లలు కళ్లు తెరిచే నిద్రపోతారు, అదొక విద్య.

మా చిన్నమ్మ కోలాటం గురువయింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆమెను పిలిపించుకుంటారు, ఎడ్లబండి అని తిట్టించుకుంటారు. మొన్న ఎండాకాలం ఉప్పునుంతల దగ్గర ఒక ఊళ్లో నేర్పుతోందంటే ఫోను పట్టుకుని పోయాను. ఆమె చేతిలో కోలలు, ఎదురుగా ఆడవాళ్ల గుంపు. నేను కుర్చీ తెప్పించుకుని, గొంతు సవరించుకుని, పాత అలవాటు కొద్దీ, "చిన్నమ్మా, నువ్వు ఎట్ల నేర్పుతవో జర చెప్పు" అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వు కూసొని అడుగుడు, మేం నిలబడి చెప్పుడు. ఎన్నేండ్లాయెరా, ఒక్కనాడన్న కోలలు చేత పట్టినవా?"