దొర పేరు చాటున

మా అత్తగారింటి పేరు స్కాట్లండ్ నుంచి వచ్చింది. అదేమిటో ఇక్కడ రాయను. రాస్తే నెల్లూరు నుంచి సముద్రం దాకా మేమెవరిమో అందరికీ తెలిసిపోతుంది, మా బావగారు నాతో మాట్లాడటం మానేస్తారు. ఇప్పుడు మాత్రం మాట్లాడుతున్నారా అంటే, లేదు. అయినా రాయను. ఆ పేరు మీద నాకున్న కోపం మాత్రం రాస్తాను.

పెళ్ళికి ముందు నాకూ అందరిలాగే ఒక తెలుగు ఇంటిపేరు ఉండేది. పెళ్ళితో ఈ దొరల పేరు వచ్చి పడింది. ఆస్పత్రిలో చీటీ రాసే అమ్మాయి దగ్గర్నుంచి బ్యాంకులో కుర్రవాడి దాకా, పేరు వినగానే తలెత్తి నా మొహం చూస్తారు. ఈ రంగుకీ ఆ పేరుకీ ఎక్కడా పొత్తు కుదరదు. "మీరు ఆంగ్లో ఇండియన్సా మేడమ్?" అని అడుగుతారు. కాదు నాయనా, మాది ఈ పక్కనే తోటపల్లి గూడూరు అంటాను. నేను హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. నా క్లాసులో పిల్లలు కూడా మా పూర్వీకులు ఓడ దిగి వచ్చారనే అనుకుంటారు.

ఓడ దిగినవాడు ఒక్కడే. ఎప్పటి కరువులోనో ఒక స్కాట్లండ్ మిషనరీ ఈ తీరానికి వచ్చాడు. తిండి లేని పిల్లలను చేరదీసి, గంజి పోసి, బాప్తిస్మం ఇచ్చి, బడిలో వేశాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఆ పిల్లల ఇంటిపేర్లు ఆయనకు నోరు తిరక్కో, ఓపిక లేకో, అందరికీ తన ఇంటిపేరే తగిలించాడు. ఒకరితో ఒకరికి ఏ చుట్టరికమూ లేని పిల్లలంతా ఒక్క రోజులో ఒకే ఇంటివాళ్ళయిపోయారు. అన్నం పెట్టినందుకు ఆయనకు దణ్ణం పెడతాను. పేరు పెట్టినందుకు మాత్రం పెట్టను.

మా వాళ్ళు ఆ పేరును వదల్లేదు. ఎందుకు వదులుతారు? పాత ఇంటిపేరు చెబితే ఏ పల్లెవాళ్ళో నెల్లూరులో ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. దొర పేరు చెబితే అవతలివాడికి అంతు దొరకదు. అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు నాకూ ఆ పేరు పనికొచ్చింది, కాదనను.

అసలు గొడవ మా అమ్మాయి పెళ్ళి దగ్గర మొదలైంది. అది నెల్లూరులో ఒక ఆస్పత్రిలో నర్సు. అదే ఆస్పత్రి ల్యాబులో పనిచేసే కొడవలూరు అబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయి నెమ్మదస్తుడు, కళ్ళలోకి చూసి మాట్లాడతాడు. వాళ్ళ కుటుంబం మా దగ్గర్నుంచే కొడవలూరు పోయి స్థిరపడింది. వాళ్ళ తాత కూడా దొర బడి పిల్లల సంతతే కాబట్టి వాళ్ళదీ ఇదే ఇంటిపేరు.

"అమ్మా, నాకు పేరు మార్చుకునే పని కూడా తప్పింది" అని మా అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు వారం నిలవలేదు.

మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, మా గుడి సంఘపెద్ద. ఆయన వచ్చి వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇంటిపేరు ఒకటి. అన్నాచెల్లెళ్ళ వరస. తెలిసి తెలిసి ఎట్ట చేస్తారమ్మా ఈ పెళ్ళి?" అన్నారు.

ఇంటిపేరు ఒకటైతే పెళ్ళి చేయకూడదనేది మాలోనూ ఉంది. కానీ అది ఒక మూలపురుషుడి బిడ్డలకు. ఇక్కడ మూలపురుషుడు ఎవడు? గంజి గరిటె పట్టుకున్న దొర. ఆ మాటే అన్నాను. "పేరు పేరే" అన్నారాయన. మా ఆయన పేపరు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టారు. అన్నగారి ముందు ఆయన చేసే పని ఎప్పుడూ అంతే.

నెలలు గడిచాయి. మా అమ్మాయి డ్యూటీకి వెళ్ళి రావడం, గోడ వైపు తిరిగి పడుకోవడం. పెళ్ళి చేస్తే సంఘం నుంచి వెలివేయిస్తామన్నట్టు బావగారు నలుగురి దగ్గరా అంటున్నారు. పెద్దనాన్న ఆశీర్వాదం లేకుండా గుడిలోకి ఎలా వెళ్ళను అని అది ఏడ్చింది. చిన్నప్పుడు దానికి ప్రార్థన నేర్పింది ఆయనే. దాని ఏడుపు విన్నప్పుడల్లా నాకు ఎక్కడో స్కాట్లండ్ మీద మండిపోయేది.

అలాంటి రోజుల్లో స్కాట్లండే మా ఊరికి వచ్చింది. బావగారు ఫోన్ చేసి, "దొరగారి వంశస్థుడు వచ్చినాడమ్మా, ఇంగ్లీషు మాట్లాడేదానికి నువ్వు రావాల" అన్నారు. బావగారింటికి వెళ్ళేసరికి ఎర్రగా కమిలిన మొహంతో ఒక పెద్దాయన మెడలో బంతిపూల దండ వేసుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. రిటైరైన పళ్ళ డాక్టరట. మాట్లాడుతున్నంతసేపూ చూపు మన పళ్ళ మీదే. తన ఇంటిపేరు ప్రపంచంలో ఎక్కడెక్కడికి పోయిందో తెలుసుకోవడం ఆయన సరదా. కెనడా అయిపోయింది, ఆస్ట్రేలియా అయిపోయింది, ఇప్పుడు మా వంతు.

"మిషనరీగారు మీకు ఏమవుతారు?" అని బావగారు అడిగించారు.

"నాకు తెలిసినంతలో ఏమీ కారు. పేరు ఒకటే, అంతే" అన్నాడాయన.

తెలుగులో చెప్పాను. బావగారు వినిపించుకోనట్టు ఆయనకు ఇంకొక కొబ్బరిబోండాం ఇప్పించారు.

అప్పుడు ఆ పెద్దాయన ఇంటిపేరు కథ చెప్పాడు. అది మనిషి పేరు కాదట, నేల పేరట. వాళ్ళ పాత భాషలో ఏటి ఒంపు దగ్గరి నేల అని అర్థమట. ఆ నేల ఒక భూస్వామిది. అతని పొలాలు దున్నుకునేవాళ్ళు, పశువులు కాచేవాళ్ళు, అతని తరఫున కత్తి పట్టేవాళ్ళు, అందరూ రక్షణ కోసం అతని పేరే పెట్టుకున్నారు. కొన్ని తరాల తర్వాత భూస్వామి వారసులకు మనుషుల కన్నా గొర్రెలు లాభమని తోచింది. మనుషుల్ని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టారు. మా దగ్గర కౌలు రైతుల్ని లేపేసి రొయ్యల గుంటలు తవ్వినట్టే. వెళ్ళగొట్టబడినవాళ్ళు ఓడలెక్కి దేశాలు పట్టారు, తరిమినవాడి పేరే మోసుకుంటూ. వాళ్ళలో కొందరు చెరకు తోటలకు యజమానులై, కొనుక్కున్న బానిసలకు మళ్ళీ అదే పేరు తగిలించారు. ఈ చివరి సంగతి చెప్పేటప్పుడు ఆయన మొదటిసారి పళ్ళు చూడకుండా నేల చూశాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎక్కడ చూసినా పేరు పెట్టేవాడు పొలమున్నవాడో, అన్నమున్నవాడో. పెట్టించుకునేవాడు ఆకలివాడు. ఇంత దూరం నుంచి ఇంతమంది వీపుల మీద ఎక్కి వచ్చిన పేరు, చివరికి మా అమ్మాయి పెళ్ళికి అడ్డంగా కూర్చుంది.

"మీ ఊళ్ళో ఒకే ఇంటిపేరున్నవాళ్ళు పెళ్ళి చేసుకుంటారా?" అని నేనే అడిగాను. ఇది బావగారు అడిగించిన ప్రశ్న కాదు.

ఆయన నవ్వాడు. "మా అమ్మకు పుట్టింటి పేరూ ఇదే, అత్తింటి పేరూ ఇదే. మా వైపు సగం ఊరికి ఇదే పేరు. ఒకే పేరువాళ్ళను చేసుకోకూడదనుకుంటే బ్రహ్మచారిగా ఉండిపోవాలి."

ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పాను, గొంతు కాస్త పెంచే చెప్పాను. బావగారు తువ్వాలుతో మెడ తుడుచుకుని, "వాళ్ళ పద్ధతులు వేరులేమ్మా" అన్నారు.

భోజనాలయ్యాక మా ఆయన ఆ పెద్దాయనను మిషనరీ సమాధి చూపించడానికి తీసుకెళ్ళారు. వరండాలో నేనూ బావగారూ మిగిలాం.

"ఇప్పుడేమంటారు బావగారూ? అది రక్తం పేరు కాదని ఆ పేరుగలాయనే చెప్పినాడు గదా."

"పేరు సంగతి ఇడిచిపెట్టు. ఆ అబ్బాయి వాళ్ళెవురో నీకు తెలీదా?"

"ఎవురు?"

ఆయన వీధి వైపు చూసి గొంతు తగ్గించారు. "మాదిగపల్లోళ్ళమ్మా. మనం మాలపల్లోళ్ళం. దొర ఒక పేరు పెట్టినంత మాత్రాన అది మాసిపోతుందా?"

నాకు తెలియక కాదు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. కానీ ప్రతి ఆదివారం క్రీస్తులో మనమంతా ఒక్కటే అని గొంతెత్తి ప్రార్థించే మనిషి నోట ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. ఇన్ని నెలలుగా మరీ దగ్గరివాళ్ళని చెప్పి పెళ్ళి ఆపిన మనిషి, నిజానికి మరీ దూరంవాళ్ళనే కారణంతో ఆపాడన్నమాట. సిగ్గుపడాల్సిన కారణాన్ని లోపల పెట్టుకుని, దొర పేరును తలుపులా వేశాడు. ఊరు మమ్మల్ని తరతరాలు బయట నిలబెట్టింది. మేము నేర్చుకున్నదేమిటంటే మాకన్నా ఇంకా బయట నిలబెట్టడానికి ఒకరిని వెతుక్కోవడం. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. భోజనాల గిన్నెలన్నీ తోమేశాను.

ఆ సాయంత్రం మా ఆయనకు ఇదంతా చెప్పాను. పేపరు పక్కన పెట్టారు. "పద, పాస్టరుగారి దగ్గరికి పోదాం" అన్నారు. మా పెళ్ళైన తర్వాత ఆయన అన్నగారిని అడక్కుండా వేసిన మొదటి అడుగు అదే.

మాలో పెళ్ళికి ముందు గుడిలో మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి. మొదటి రెండు ఆదివారాలు బావగారు ఊళ్ళో లేరు. మూడో ఆదివారం అబ్బాయి తల్లిదండ్రులు కూడా కొడవలూరు నుంచి వచ్చారు. మా గుడికి రెండు పల్లెల వాళ్ళూ వస్తారు. ఎవరూ చెప్పకపోయినా చాపల మీద ఏ పల్లెవాళ్ళు ఆ పల్లెవాళ్ళ వైపే కూర్చుంటారు. పాస్టరుగారు చదవడం పూర్తిచేయగానే బావగారు లేచారు.

"ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. ఇది తప్పు. సంఘం ఒప్పుకోకూడదు" అన్నారు.

నేనూ లేచాను. "బావగారూ, ఈ కారణం కాదు. మీ వరండాలో నాతో చెప్పినారే, అది చెప్పండి. రెండు పల్లెలూ ఈడనే కూర్చోనుండాయి. ఆ మాట ఈడ చెప్తే ఈ పెళ్ళి నేనే ఆపేస్తా."

మా అమ్మాయి నా చీర కొంగు పట్టుకుని లాగింది. దాని బతుకును ఆయన నోటి మీద పందెం కాశానని నాకు తెలుసు. ఆయన చెప్పేస్తే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి ఎదురుచూశారు. బావగారు అవతలి పల్లె వైపు చాపల మీది ముసలివాళ్ళను చూశారు. వాళ్ళ ఇళ్ళలో చావులకు ప్రార్థన చేసింది ఆయనే. నోరు తెరిచారు. మూశారు. కూర్చున్నారు. పాస్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని, తర్వాతి ప్రకటనగా యువజన కూటం ఏ రోజో చదివారు.

పెళ్ళి కొడవలూరులో జరిగింది. బావగారు వచ్చారు, తెల్ల పంచె కట్టుకుని మరీ వచ్చారు. వధూవరుల తల మీద చేతులుంచి చక్కగా ప్రార్థించారు, ఫొటో దిగారు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. దానికి కావాల్సింది దక్కింది, అంతవరకు నాకు సంతోషమే. భోజనాల వేళ మాత్రం ఆయన కారు వైపు నడిచారు. అబ్బాయి తల్లి బిర్యానీ పళ్ళెం పట్టుకుని వెనకాలే పరుగెత్తింది.

"అన్నా, ఒక్క ముద్దన్నా తిని పోండి."

"షుగరమ్మా. బయట తినను" అన్నారాయన నవ్వుతూ.

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆయన షుగరుతోనే మా ఇంట్లో మామిడిపళ్ళు తినడం నాకు తెలుసు. కారు వెళ్ళిపోయింది. ఆమె పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు వస్తాయని, కనీసం మొహం ముడుచుకుంటుందని చూశాను. ఏమీ లేదు. పళ్ళెం మీద వాలిన ఈగను తోలి, "నువ్వు తినొదినా, చల్లారిపోతుంది" అని నాకందించింది. ఆమెకు ఆశ్చర్యం కూడా కలగలేదు.