ఎదురింటినే అడిగే కంప్యూటరు

సియెన్‌ఫ్వెగోస్ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన నెరెయిదాకు "లైను దొరకడం లేదు" అన్న మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎంత మారుమూల ఊరినైనా పట్టుకుని కలిపేది ఆవిడ. అలాంటిది ఇవాళే ఇంట్లో కంప్యూటరు మొండికేసింది. ఆవిడ పెంచిన పిల్ల యుసిమీ మధ్యాహ్నం మూడింటికి సాంతియాగో వైద్య కళాశాలలో పెద్ద డాక్టర్ల ముందు నిలబడి తన పరిశోధన గురించి చెప్పాలి. కాలేజీ వాళ్ల వెబ్ పేజీలో అది ప్రత్యక్షంగా వస్తుంది. హవానా బస్సే దొరకని రోజుల్లో అంతకన్నా ఎంతో దూరమున్న సాంతియాగోకు బస్సెక్కడ? పిల్లను చూడాలంటే ఇదొక్కటే దారి.

నిన్న ఇంటర్నెట్ కలిపి వెళ్లినవాడు మోడెమ్ డబ్బా మీద లైటు పచ్చగా ఉందని చెప్పి చేతులు దులుపుకున్నాడు. పచ్చగానే ఉంది. పేజీ మాత్రం తెరుచుకోదు, ఆ పేరుతో ఏదీ లేదంటుంది. నెరెయిదా తీగ పీకి మళ్లీ పెట్టింది, డబ్బా ఆపి మళ్లీ వేసింది, చివరికి కంప్యూటరు నెత్తిన ఒక్కటిచ్చింది. ఫోన్ చేస్తే కంపెనీ అమ్మాయి, "మా వైపు అంతా బాగానే ఉందమ్మా" అంది.

"మేమూ అదే చెప్పేవాళ్లం. అబద్ధమని మాకు తెలిసేది," అని పెట్టేసింది నెరెయిదా.

రెండున్నర దాటింది. ఇక మిగిలింది ఎదురింటి విల్బెర్. అతనితో ఆవిడ మాటలు మానేసి చాలా కాలమైంది. ఒకప్పుడు ఈ వీధివాళ్లు డాబాల మీదుగా తీగలు లాగి సొంత నెట్‌వర్కు నడుపుకున్నారు. అందులో ఏ కంప్యూటరు పేరు అడిగినా దాని నంబరు చెప్పే మెషిన్‌ను ఆవిడ భర్త అర్సేనియో తయారుచేసి విల్బెర్ ఇంట్లో పెట్టాడు. నెట్‌వర్కు మూతపడింది, అర్సేనియో పోయాడు. నెల తిరక్కుండానే విల్బెర్ ఆ మెషిన్ ఎవరికో ఇచ్చి ఒక పందిపిల్లను తెచ్చుకున్నాడు. మాటలు ఆగింది అప్పుడే.

అయినా బాల్కనీలోకి వెళ్లి పిలిచింది. "విల్బెర్, ఒకసారి ఇటు రా."

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వచ్చాడు. కీబోర్డు మీద ఏవో కొట్టి చూసి, "వదినా, నంబరుతో పిలిస్తే పలుకుతోంది. పేరుతో పిలిస్తేనే దిక్కులేదు" అన్నాడు.

"అంటే లైను బాగుంది, డైరెక్టరీ పోయింది. ఎందుకు పోయిందో అది చెప్పు."

అతను సెట్టింగుల్లో ఇంకేదో తెరిచి ఆగిపోయాడు. "పేర్ల కోసం ఇది ఇప్పటికీ మా ఇంటినే అడుగుతోంది. అర్సేనియో అప్పట్లో కొట్టిన మా మెషిన్ నంబరు ఇందులో అలాగే ఉంది."

"మీ ఇంట్లో ఏముంది అడగడానికి? పంది తప్ప."

"ఆ పందీ లేదు వదినా. ఆ డిసెంబరులోనే వండేశాం. నీకూ ఒక కాలు తెచ్చాను. నువ్వు తలుపు తియ్యలేదు."

ఆ రోజు తలుపు తట్టిందెవరో నెరెయిదాకు తెలుసు. గడియారం వైపు చూసింది.

"ఆ నంబరు తీసెయ్."

"తీసెయ్యనా? అర్సేనియో తన చేత్తో కొట్టింది."

"మూడవుతోంది విల్బెర్. ఆయన ఎటూ పోయాడు, పిల్లనైనా చూడనీ."

తీసేసి కంపెనీవాళ్ల నంబరు పెట్టాడు. పేజీ తెరుచుకుంది. తెల్లకోటులో యుసిమీ మైకు సరిచేసుకుంటోంది.

నెరెయిదా ఇంకో కుర్చీ లాగింది. "కూర్చో. దానికి సైకిల్ నేర్పింది నువ్వేగా."

యుసిమీ మొదలుపెట్టింది. కాసేపటికి నెరెయిదా, తెర మీంచి చూపు తిప్పకుండానే, "ఆ నంబరు నీకు గుర్తుందా?" అంది.

విల్బెర్ తడుముకోకుండా చెప్పాడు. ఆవిడ పెదవులు కదుపుతూ దాన్ని ఒకసారి తనలో తాను అనుకుంది.

"సరే, ఇక మాట్లాడకు," అంది. "పిల్ల చెబుతోంది."