ఎత్తి చూసిన బడి

ఈ రోజు పొద్దున తమిళనాడులో హోసూరు దగ్గరి బేరిగైలో మా అక్క ఇంటికి వెళ్ళాను. బావ క్యాబేజీ పండిస్తాడు. గడ్డను చేత్తో ఒకసారి ఎత్తి చూస్తే చాలు, లోపల గట్టిగా ఉందో బోలుగా ఉందో చెప్పేస్తాడు.

మూడో తరగతి చదివే మేనకోడలు సర్కారు బడికి బయల్దేరుతోంది. బావ దాని పుస్తకాల సంచిని కూడా అలాగే ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"చూడప్పా, బరువే లేదు. పక్కింటి పిల్లోడి బ్యాగు ఎత్తినాను, భుజం పట్టుకునింది. ఈడ ఏం చదువు చెప్తారు? వచ్చే ఏడు పాపనూ వాడు పోయే హోసూరు ప్రైవేటు స్కూల్లో ఏసేస్తా."

నేను నోరు తెరిచేలోగా కొత్త విత్తనాల పొట్లం పాప చేతికిచ్చి చదవమన్నాడు. కళ్ళద్దాలు పొలంలో మరిచాడట. అక్క పెళ్ళయిన నాటి నుంచీ ఆ కళ్ళద్దాలను నేను చూసిన పాపాన పోలేదు. నారు ఎంతెంత దూరంలో నాటాలో, నీళ్ళు ఎప్పుడు కట్టాలో, చీమల్లాంటి తమిళ అక్షరాలు తడుముకోకుండా చదివి, ఆ పిల్ల తెలుగులో చెప్పేసింది. బావ బుద్ధిగా తలూపి, పొట్లం జేబులో పెట్టుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "బావా, ఇంత బాగా చదివేది ఎవరు నేర్పించినారు? ఆ బడే కదా?"

"బడిదేముందప్పా! అది మా వంశం తెలివి."

పాప తేలిక సంచి తగిలించుకుని పరుగెత్తింది. మీ ఊళ్ళో బడి మంచిదో కాదో ఎలా తేలుస్తారో కాస్త చెప్పండి. మా బావ మాత్రం ఎత్తి చూస్తాడు.