సుబ్బరామయ్యగారి లాంగ్‌షాట్లు

సుబ్బరామయ్యగారికి ఉన్నది ఒకటే జబ్బు. ఏ ఆటైనా హడావిడిగా మొదలుపెట్టి సగంలో ఇరుక్కుపోతారు. మామూలు మనుషులు సగంలో మానేస్తారు. ఈయన మానరు, ఇరుక్కుంటారు. గోడమీద, గుట్టమీద, చెరువు మధ్యలో, ఎక్కడ ఇరుక్కున్నా ఆయన నోట వచ్చే కేక ఒక్కటే: "హనుమంతూ!"

హనుమంతు ఆయన కారు డ్రైవరు. షేక్‌పేట మనిషి. రెండేళ్ళ కిందటిదాకా సినిమాల్లో హీరోలకు డూపు. హీరోగారు మేడ అంచున నిలబడి కళ్ళెర్రజేస్తే అది క్లోజప్. అక్కడినుంచి దూకేది హనుమంతు, అది లాంగ్‌షాట్. ఒకరోజు షూటింగులో తాడు జారి మేడమీంచి పడ్డాడు. ఎముకలు అతుక్కున్నాయిగానీ భయం వదల్లేదు. ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలెక్కినా కాళ్ళు వణికేవి. మళ్ళీ దూకే రోజు వస్తుందేమోనని ఫైటర్ల యూనియన్ కార్డు మాత్రం జేబులోనే పెట్టుకు తిరిగేవాడు.

ఆ సినిమాకు ప్రొడక్షన్ మేనేజరు సుబ్బరామయ్యగారే. ముప్పై ఏళ్ళు చేసిన పని ఆ సినిమాతో వదిలేసి, హనుమంతును డ్రైవరుగా పెట్టుకుని, ఫిల్మ్‌నగర్ ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్నారని మాటవరసకు అనడమే. ఆయన కుదురుగా కూర్చోగా పెళ్ళయిన నలభై ఏళ్ళలో శ్యామలాదేవిగారు కూడా చూడలేదు. కాఫీ కూడా వరండాలో నడుస్తూనే తాగుతారు.

జనవరిలో పక్షులమీద మనసుపడ్డారు. తలకు టోపీ, మెడలో దుర్భిణి, పద్నాలుగు జేబుల ప్యాంటు. సినిమా ముహూర్తానికి కొట్టినట్టే గేటు ముందు కొబ్బరికాయ కొట్టారు.

"ముందు నా క్లోజప్ తియ్యరా," అని ఫోను హనుమంతు చేతికిచ్చారు. ఫోటో అయ్యాక నిచ్చెన వేయించుకుని, పెరటి గోడెక్కి, అటో కాలు ఇటో కాలు వేసుకు కూర్చున్నారు. రెండు నిమిషాల్లో కేక.

"ఏమైంది సార్?"

"దిగలేనురా. పైకొచ్చి పట్టుకో."

"నాతోని కాదు సార్. వాచ్‌మన్‌ను పిలుస్త."

"వాచ్‌మన్ పట్టుకుంటే నాకు చక్కిలిగింతలు. నువ్వే రా. క్లోజప్ నాది, లాంగ్‌షాట్ నీది. అనుకున్నమాటే కదా!"

ఎప్పుడనుకున్నారో ఆ దేవుడికే తెలియాలి. హనుమంతు కళ్ళు మూసుకుని నిచ్చెనెక్కి, గోడమీద ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ వణుకుతున్నారు. శ్యామలాదేవిగారు కాఫీ పట్టుకుని పెరట్లోకి వచ్చారు.

"ఇద్దరూ ఎక్కారా? అయితే దించడానికి నేనెక్కాలా?"

మార్చిలో సైకిలు. ఒంటికి అతుక్కునే పసుపుపచ్చ బనీను తొడిగి, క్లోజప్ దిగి, ఫిల్మ్‌నగర్ వాలంతా ఒక్క ఊపున దిగిపోయారు. ఎక్కడం మాత్రం తమ వల్ల కాదని షేక్‌పేట ఫ్లైఓవరు కిందినుంచి ఫోను చేశారు. హనుమంతు కారు తీసుకెళితే ఆయన అందులో చల్లగా కూర్చుని పాటలు విన్నారు. హనుమంతు సైకిలు తొక్కుకుంటూ గుట్టెక్కి, మళ్ళీ నడుచుకుంటూ దిగి, ఆయన్ని కార్లో ఇంటికి తెచ్చాడు.

మే నెలలో దుర్గం చెరువులో పడవ. తెడ్డు పట్టుకుని నవ్వుతూ క్లోజప్ దిగినాయన నడి చెరువుకు చేరగానే "మునిగిపోతున్నాను బాబోయ్" అని లబోదిబోమన్నారు. ఒంటిమీద లైఫ్ జాకెట్ ఉంది, పడవ చెక్కుచెదరలేదు, అయినా మునిగిపోతున్నారు. పడవలవాళ్ళు పరుగెత్తుకొస్తే, "మీరు కాదు, మా హనుమంతును పంపండి," అన్నారు.

ఆగస్టులో ఖాజాగూడ గుట్టలు. నడుముకు తాడు కట్టుకుని, నేర్పే కుర్రాళ్ళను పక్కకు తొలగమని, రెండు నిలువుల ఎత్తెక్కి బల్లిలా అతుక్కుపోయారు. హనుమంతు తిట్టుకుంటూ ఎక్కి దించాడు. అక్టోబరులో అంతకు రెట్టింపు బండ ఎంచుకున్నారు.

"ఊకె గుట్టలెందుకు సార్? క్యారమ్స్ ఆడుకోరాదుండ్రి!"

"క్యారమ్స్‌లో గాలాడదురా," అంటూ ఎక్కారు. ఇరుక్కున్నారు.

ఈసారి కోపంమీద హనుమంతు చకచకా ఎక్కేశాడు. ఆయన్ని తాడుమీద కిందికి పంపి, ఆ ఊపులోనే బండ కొసకు చేరి లేచి నిలబడ్డాడు. ఊరంతా కనిపించింది. గాలి చొక్కాలో దూరింది. అప్పుడు చూసుకున్నాడు, తన కాళ్ళు వణకడంలేదు. ఆ రాత్రి అన్నం తింటూ ఆ మాట భార్యకు నాలుగుసార్లు చెప్పాడు.

డిసెంబరులో ఫైట్ మాస్టర్ నర్సింహ ఫోను చేశాడు. రెండో అంతస్తునుంచి దూకే షాట్ ఉంది, వస్తావా అన్నాడు. తన పేరు చెప్పిందెవరో హనుమంతు అడగలేదు, వస్తానన్నాడు. సెలవడగడానికి శ్యామలాదేవిగారి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నేను లేనప్పుడు సార్‌ను చెరువు దిక్కు పోనియ్యకుండ్రి. ఫికరైతంది. మునుగుతరు."

ఆవిడ పొట్టపట్టుకు నవ్వారు. "ఆయనా! పుట్టింది కొవ్వూరు నాయనా. పదిహేనేళ్ళకే గోదావరి ఈది రాజమండ్రి రేవులో చొక్కా ఆరేసుకున్న మనిషి. ఆయన మునగడమేంటి?"

ఏడాదంతా హనుమంతు కళ్ళముందు తిరిగింది. చెరువులో కేకలు నాటకమైతే గోడమీద వణుకూ, గుట్టమీద కేకలూ నాటకమే. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తేల్చుకోలేకపోయాడు.

షూటింగుకు సుబ్బరామయ్యగారు పిలవకుండానే వచ్చారు. కింద పరిచిన అట్టపెట్టెలు తొక్కి చూశారు, ప్రతి తాడు ముడీ లాగి చూశారు.

"నేను చూసిన సార్," అన్నాడు నర్సింహ.

"నువ్వు చూశావు. నేను చూడలేదుగా. ఆ రోజు చూడకే కదా వాడు పడ్డాడు," అని మళ్ళీ లాగారు.

హీరోగారు క్లోజప్ ఇచ్చి నీడలోకి వెళ్ళిపోయారు. అదే చొక్కా తొడుక్కుని హనుమంతు మేడ అంచున నిలబడ్డాడు. కిందికి చూశాడు. అంతే, పాత భయం తిరిగొచ్చింది. నర్సింహ రెండుసార్లు "రెడీనా?" అన్నాడు. హనుమంతు ఒక అడుగు వెనక్కి వేశాడు. యూనిట్‌లో గుసగుసలు మొదలయ్యాయి.

సుబ్బరామయ్యగారు అటూ ఇటూ నాలుగడుగులు వేశారు. చెప్పులు విడిచి, గోడకు ఆనించిన నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టారు. పదో మెట్టుమీద ఆగి, కళ్ళు మూసుకుని, నిచ్చెనను కావలించుకున్నారు.

"హనుమంతూ!"

హనుమంతుకు పగలబడి నవ్వొచ్చింది. "నాటకాలు బంద్ చేయుండ్రి సార్! గోదావరి ఈదిన సంగతి అమ్మ చెప్పింది!" అని, ఆ నవ్వు ఆగకముందే దూకేశాడు.

పెట్టెల మధ్య సరిగ్గా పడ్డాడు, లేచాడు. అందరూ చప్పట్లు కొట్టారు, సుబ్బరామయ్యగారు తప్ప. ఆయన రెండు చేతులూ నిచ్చెనకే ఉన్నాయి.

"అయిపోయింది సార్. దిగుండ్రి ఇగ."

"దిగలేనురా. ఇది నాటకం కాదు. నీళ్ళంటే నాకు లెక్కలేదు. ఎత్తంటే చిన్నప్పటినుంచీ చచ్చేంత భయం."

"మరి గోడ? గుట్టలు?"

"నీ భయం ఎత్తుమీదాయె. నేను నేలమీద ఇరుక్కుంటే నువ్వు పైకెలా ఎక్కుతావు?"

"మరి చెరువెందుకు సార్?"

"అన్నీ ఎత్తులే అయితే నీకు అనుమానం రాదూ? ప్రశ్నలు తర్వాత, ముందు నన్ను దించరా బాబూ!"

ఏడాదంతా ఈ మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎక్కింది తనకోసమని హనుమంతుకు అప్పుడు అర్థమైంది. గబగబా నిచ్చెనెక్కి, ఆయన నడుము చుట్టూ చెయ్యివేసి, వణుకుతున్న పాదాన్ని పట్టుకుని కింది మెట్టుమీద పెట్టాడు.

"హనుమంతూ, ఇంకో టేక్ తీసుకుందాం. డైరెక్టర్ అడుగుతుండు!" కిందినుంచి నర్సింహ అరిచాడు.

"జర ఆగన్నా. సార్‌ను దించినంక దుంకుత."

పది మెట్లు దిగడానికి పావుగంట పట్టింది. యూనిట్ మొత్తం టీలు తాగుతూ కాచుకుంది.